పలెర్మోలో సాయంత్రపు నడక: అరబ్బుల నగరం ఎక్కడెక్కడ మిగిలింది?

ఇటలీ అనగానే మనవాళ్లకు రోమ్, వెనిస్ గుర్తొస్తాయి. సిసిలీ దీవి రాజధాని పలెర్మో గురించి విన్నవారు తక్కువే. 831 నుంచి 1072 వరకు, అంటే 240 ఏళ్లు, ముస్లింల పాలనలో ఉన్న నగరమిది. పొద్దు వాలాక గైడ్ వెంట ఇక్కడి పాతబస్తీలో రెండు మూడు గంటలు నడవడం టూరిస్టులకు అలవాటు. అయితే ఏం చూడాలో ముందే తెలియకపోతే, ఫౌంటెన్ల దగ్గర ఫొటోలు దిగి తిరిగొచ్చేయడమే అవుతుంది.

సాయంత్రమే ఎందుకు?

వేసవిలో పలెర్మో పగలు మండిపోతుంది. ఎండ తగ్గాక ఊరి జనమే కుటుంబాలతో వీధుల్లోకి వస్తారు. జూన్ చివర్లో సూర్యాస్తమయం రాత్రి 8.30 ప్రాంతంలో, డిసెంబర్‌లో 5 గంటల లోపే. మగ్రిబ్ నమాజ్ చూసుకుని బయల్దేరేవారు ఈ తేడా గుర్తుపెట్టుకుని టైమ్ బుక్ చేసుకోవాలి.

సాయంత్రపు నడకలో ఒక లోటుంది. ఆ వేళకు చాలా కట్టడాల తలుపులు మూసేస్తారు. రాజభవనం, అందులోని పలటీనా ప్రార్థనాలయం పగలే చూసేయాలి. సాయంత్రాన్ని వీధులకు, గోడలకు, పేర్లకు ఉంచుకోవాలి.

చరిత్ర క్లుప్తంగా

ఉత్తర ఆఫ్రికా నుంచి వచ్చిన ముస్లిం సైన్యం 831లో బైజాంటైన్ల నుంచి పలెర్మోను గెలుచుకుంది. 973లో బాగ్దాద్ వైపు నుంచి వచ్చిన యాత్రికుడు ఇబ్న్ హౌఖల్ ఇక్కడ 300కు పైగా మస్జిద్‌లు ఉన్నాయని రాశాడు. పొగడ్తతో ఆగలేదు. ఎవరికి వారు గొప్ప కోసం సొంత మస్జిద్ కట్టుకుంటున్నారని, పచ్చి ఉల్లిపాయలు తెగ తిని బుర్రలు మొద్దుబారాయని ఊరివాళ్లను ఎగతాళి కూడా చేశాడు.

1072లో ఉత్తర ఫ్రాన్స్ నుంచి వచ్చిన నార్మన్లు నగరాన్ని పట్టుకున్నారు. పాలకులు క్రైస్తవులైనా అరబ్ పనివాళ్లను, అధికారులను, పండితులను వదులుకోలేదు. 1130లో రాజైన రెండో రోజర్ కోసమే అల్-ఇద్రీసీ తన ప్రసిద్ధ భూగోళ గ్రంథాన్ని 1154లో పూర్తి చేశాడు. ఆ కాలపు కట్టడాల్లో పలెర్మోలోని ఏడింటిని, దగ్గరి ఊళ్లయిన మోన్‌రియాలె, చెఫాలూల్లోని రెండు కథెడ్రల్‌లను కలిపి యునెస్కో 2015లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

దారిలో చూడాల్సినవి

నడకను రాజభవనం పక్కనున్న పోర్తా నువోవా దర్వాజా దగ్గర మొదలుపెడితే మంచిది. అక్కడి నుంచి సముద్రం దాకా దిగే తిన్నని రోడ్డును ఊరివాళ్లు కస్సారో అంటారు. అది అరబీలోని 'అల్-ఖస్ర్', అంటే కోట.

దర్వాజా మీద తలపాగాలతో నాలుగు భారీ శిల్పాలు కనిపిస్తాయి. అవి ఓడిపోయిన ముస్లిం బందీల బొమ్మలు. ట్యూనిస్‌ను జయించిన ఐదో చార్లెస్ చక్రవర్తి 1535లో ఈ ఊరికి వచ్చినదానికి గుర్తుగా పెట్టారు.

కొద్దిగా దిగితే కథెడ్రల్. అరబ్బుల కాలంలో ఇక్కడ పెద్ద జామా మస్జిద్ ఉండేది. అంతకుముందు చర్చి. అరబ్బులు చర్చిని మస్జిద్‌గా మార్చారు, నార్మన్లు దాన్ని మళ్లీ చర్చి చేశారు. దక్షిణ ద్వారం ముందున్న మంటపంలో ఎడమవైపు స్తంభాన్ని దగ్గరగా చూడాలి. దాని మీద ఖురాన్ 7వ సూరా అల్-ఆరాఫ్‌లోని 54వ ఆయత్ అరబీ లిపిలో చెక్కి ఉంది. తెలియనివాళ్లు పక్కనుంచే వెళ్లిపోతారు.

ఇంకా కిందికి వెళ్తే 17వ శతాబ్దపు క్వాత్రో కాంతి కూడలి, దాని పక్కన ప్రెతోరియా ఫౌంటెన్. రాత్రి లైట్లలో బాగుంటాయి. అసలు ఆగాల్సింది వెనకున్న బెల్లీని చౌరస్తాలో. మూడు ఎర్ర గుమ్మటాల సాన్ కతాల్డో చర్చిని చూస్తే దర్గా అనుకోవచ్చు. పక్కనున్న మార్తొరానా చర్చిని రోజర్ నౌకాసేనాధిపతి కట్టించాడు. ఆ హోదాకు ఇటాలియన్‌లో ఉన్న 'అమ్మిరాల్యో' అనే పేరు అరబీ 'అమీర్' నుంచి వచ్చిందే.

పేర్లలో దాగిన బజార్లు

కూడలి దాటి సముద్రం వైపు వెళ్తే లత్తరీని వీధులు. ఒకప్పటి సూఖ్ అల్-అత్తారీన్, అంటే అత్తర్లు, సుగంధ ద్రవ్యాల బజార్. ఈ ప్రాంతంలో కొన్ని వీధుల బోర్డులు ఇటాలియన్, హీబ్రూ, అరబీ మూడింటిలోనూ ఉంటాయి. చివర్లో వచ్చే కాల్సా పేట 937లో కట్టిన 'అల్-ఖాలిసా' పాలకుల బస్తీ.

టైమ్ ఉంటే బల్లరో మార్కెట్ కూడా చూడాలి. ఆ పేరు పొరుగు పల్లె నుంచి వచ్చిందని కొందరంటారు. అరబ్ రచయితలు దక్కన్ రాష్ట్రకూట రాజులను పిలిచిన 'బల్హరా' అనే బిరుదు నుంచి, అక్కడి మసాలా దినుసుల వల్ల వచ్చిందని మరికొందరి వాదన. ఆ రాజుల రాజధాని మాన్యఖేటం నేటి కలబురగి జిల్లాలోని మల్ఖేడ్, ఒకప్పుడు నిజాం సంస్థానంలోనిదే.

గైడ్‌లు తొందరగా దాటేసే భాగం

టూరిస్టులకు చెప్పే కథ సాధారణంగా ఒకటే: మూడు మతాలవాళ్లు ఇక్కడ కలిసిమెలిసి బతికారు. అందులో నిజముంది. 1142లో రోజర్ పెట్టించిన నీటి గడియారం శాసనం రాజభవనంలో ఇప్పటికీ లాటిన్, గ్రీకు, అరబీల్లో ఉంది. 1184లో వచ్చిన యాత్రికుడు ఇబ్న్ జుబైర్, క్రిస్మస్ రోజున క్రైస్తవ స్త్రీలు ముస్లిం స్త్రీల్లాగే ముస్తాబై చర్చికి వెళ్లడం చూశాడు.

కానీ ఇక్కడి ముస్లింల భయాలనూ ఆయనే రాశాడు. ఐదేళ్లకే, 1189లో రాజు చనిపోగానే, పలెర్మో ముస్లింలపై దాడులు జరిగాయి. చాలామంది కొండల్లోకి పారిపోయారు. తిరుగుబాట్ల తర్వాత మిగిలినవారిని చక్రవర్తి రెండో ఫ్రెడరిక్ 1220ల నుంచి ఇటలీ ప్రధాన భూభాగంలోని లుచేరాకు తరలించాడు. అరబ్ విద్యలంటే ఇష్టపడిన రాజే ఆ పని చేశాడు. ఆయన సమాధి పైన చెప్పిన కథెడ్రల్‌లోనే ఉంది. 1300లో లుచేరా బస్తీని కూడా నాశనం చేసి అక్కడివారిని బానిసలుగా అమ్మేశారు. 1492లో వచ్చిన ఆజ్ఞతో సిసిలీ యూదులూ వెళ్లిపోవాల్సి వచ్చింది.

ఈ సగం కూడా వింటేనే ఎర్ర గుమ్మటాలకు, దర్వాజా మీది బందీలకు అర్థం తెలుస్తుంది. కళను మెచ్చుకున్నంత మాత్రాన ఆ కళాకారుల సమాజం బతికిపోదు. గైడ్‌ను "ఆ ముస్లింలు తర్వాత ఏమయ్యారు?" అని అడగాలి. మంచి గైడ్ అయితే సంతోషంగా చెబుతారు.

నేటి పలెర్మోలో ముస్లింలు లేరని కాదు. ట్యూనీషియా, బంగ్లాదేశ్ నుంచి వచ్చినవారు పాతబస్తీలోనే ఉంటున్నారు. వాడుకలో లేని ఒక చర్చిలో ట్యూనీషియన్ల మస్జిద్ నడుస్తోంది.

తినేముందు అడగండి

నడకలో తిండి స్టాప్ దాదాపు ఖాయం. శనగపిండితో వేసే పనెల్లె మన బజ్జీల చుట్టం లాంటిది. అన్నం ముద్దను వేయించే అరంచీనాకు ఆ పేరు 'చిన్న నారింజ' అనే అర్థంలో వచ్చింది. మన నారింజ, ఉర్దూ నారంగీ, ఇటాలియన్ అరాంచా ఒకే మాట. మనవైపు మాటే అరబ్బుల ద్వారా అక్కడికి చేరింది.

హలాల్ తినేవారు జాగ్రత్తపడాలి. ప్లీహంతో చేసే పాని కా మెవుసాను 'స్ట్రుట్టో', అంటే పంది కొవ్వులో వేడి చేస్తారు. కన్నోలి పైపొరలోనూ సంప్రదాయంగా పంది కొవ్వు, వైన్ కలుపుతారు. అరంచీనాలో ఏ మాంసం ఉందో అడగాలి. పనెల్లె కూడా ఏ నూనెలో వేయించారో కనుక్కోవడం మేలు. 'స్ట్రుట్టో' అనే ఒక్క మాట గుర్తుంటే సగం పని అయినట్టే.

ప్రయాణానికి సూచనలు

* ఇటలీకి షెంగెన్ వీసా కావాలి. కనీసం 30 వేల యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. దరఖాస్తును ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి పెట్టుకోవచ్చు, 15 రోజుల కంటే ఆలస్యం చేయకూడదు.
* ఇటలీలో టూరిస్ట్ గైడ్‌కు లైసెన్స్ ఉండాలి. బుక్ చేసేముందు అడగండి.
* 'ఫ్రీ టూర్' అన్నవాటిలో చివర్లో టిప్ ఇవ్వడం ఆనవాయితీ.
* చర్చిల్లోకి భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలతోనే వెళ్లాలి.
* రాళ్లు పరిచిన వీధులు నున్నగా ఉంటాయి. పెద్దవాళ్లకు మంచి పట్టున్న బూట్లు అవసరం.