నేరము చెప్పని ఉత్తరము

విద్యార్థిని కళాశాలనుండి వెడలగొట్టుటకు ముందు, అతడు చేసిన తప్పేమో అతనికి చెప్పవలెనా? శ్రోతలారా, ఈ ప్రశ్న చిన్నదిగా తోచవచ్చును. కాని అమెరికాలో దీనికి స్పష్టమైన సమాధానము 1961లో గాని రాలేదు. అదియు ఒక భోజనశాలలో మొదలైన వ్యవహారమున వచ్చినది.

అలబామా రాష్ట్ర రాజధానియైన మాంట్‌గొమరీలో, న్యాయస్థాన భవనపు నేలమాళిగలో, ప్రభుత్వపు భోజనశాల యొకటి యుండెను. నల్లజాతివారికి అందు వడ్డన లేదు. 1960 ఫిబ్రవరి 25న అలబామా స్టేట్ కాలేజీ నల్లజాతి విద్యార్థులు 29 మంది లోనికి పోయి భోజన మడిగిరి. నిర్వాహకులు వడ్డింపక శాలనే మూసివేసిరి. మార్చి 1న ఇంచుమించు 600 మంది విద్యార్థులు రాష్ట్ర శాసనభవనపు మెట్లపై నిలిచి భక్తిగీతములు పాడిరి.

రాష్ట్ర విద్యామండలికి గవర్నరే అధ్యక్షుడు. మరునాడే మండలి తొమ్మండుగురిని బహిష్కరించి, 20 మందిని షరతులపై ఉండనిచ్చెను. విచారణ లేదు. బహిష్కృతులకు వచ్చిన ఉత్తరములలో నిబంధనల పట్టిక మాత్రము గలదు: అవిధేయత, చదువునందు అశ్రద్ధ, తిరుగుబాటు, నీతిబాహ్యమైన నడవడి. వీనిలో తమ నేరమేదో విద్యార్థులే ఊహించుకొనవలెను! వింత యేమనగా, పిమ్మట కోర్టులో మండలి సభ్యులు సైతము తలకొక కారణము చెప్పిరి.

సెయింట్ జాన్ డిక్సన్ మొదలగు ఆరుగురు వ్యాజ్యము వేసిరి. జిల్లా న్యాయస్థానము కొట్టివేసినది. 1961 ఆగస్టు 4న అయిదవ సర్క్యూటు అప్పీళ్ళ న్యాయస్థానము ఆ తీర్పును త్రోసిపుచ్చినది. ప్రభుత్వ కళాశాల విద్యార్థిని బహిష్కరింపదలచినచో ఆరోపణను ముందుగా తెలుపవలెననియు, సాక్షుల పేర్లను, వారు చెప్పిన సంగతులను ఎరిగింపవలెననియు, అతని వాదమును వినవలెననియు న్యాయమూర్తి రైవ్స్ వ్రాసిరి. కళాశాల తండ్రివంటిది, దానిని ప్రశ్నింపరాదను పాతవాదము అంతటితో సడలెను. తండ్రియైనను కొట్టుటకు ముందు ‘ఏమి చేసితివిరా?’ అని యడుగును గదా!

అయితే శాంతియుతముగా గుమిగూడు హక్కు వారికి గలదని ఈ తీర్పు చెప్పలేదు. పాఠశాలలో విద్యార్థుల వాక్స్వాతంత్ర్యమును సుప్రీంకోర్టు 1969లో టింకర్ కేసున, కళాశాలలో సంఘము పెట్టుకొను హక్కును 1972లో హీలీ కేసున గుర్తించెను. ఐనను డిక్సన్ కేసే ముఖ్యమని నా యభిప్రాయము. ఆరోపణ వ్రాసి యీయవలసివచ్చినచో ‘వీరు అన్న మడిగిరి, పాట పాడిరి’ అని వ్రాయవలెను. అట్లు వ్రాసి సంతకము చేయుటకు ఎవరికి చేయి వచ్చును?

2018లో అలబామా విద్యాశాఖ ఆ తొమ్మండుగురి రికార్డులనుండి బహిష్కరణను తొలగించెను. అప్పటికి 58 ఏండ్లు గడచినవి.