ఊడిగం చేసిన మాట: బాయ్

పేకముక్కల్లో రాజు, రాణి తర్వాతివాణ్ణి మనం జాకీ అంటాం. హిందీవాళ్లు గులాం అంటారు. ఇంగ్లీషులో వాడి పాత పేరు నేవ్. గులాందీ నేవ్‌దీ ఒకటే కథ. అరబ్బీలో గులాం అంటే ముందు కుర్రాడు, ఆ తర్వాతే బానిస. పాత ఇంగ్లీషులో క్నఫా అంటే మగపిల్లాడు. ఆ పిల్లాడు పోనుపోను పనివాడయ్యాడు, పనివాడు కాస్తా దగాకోరయ్యాడు, చివరికి నేవ్ అన్న పేరుతో పేకలో మిగిలాడు. జర్మన్‌లో ఆ మాట తోబుట్టువు క్నాబె మాత్రం ఇప్పటికీ పిల్లాడే. క్నిఖ్త్ అని ఇంకో పాత మాట ఉండేది. దానికీ అర్థం కుర్రాడు, సేవకుడు అనే. దాని జాతకం బాగుండి గుర్రమెక్కి, కత్తి పట్టి, నైట్ అయి కూర్చుంది. జర్మన్ దేశంలో అదే మాట క్నెఖ్త్ అన్న రూపంలో పాలేరుగానే ఉండిపోయింది.

నేవ్ ఖాళీ చేసిన చోటికి చేరిన మాటే బాయ్. అయితే అది నడిచిన దారి తిరగేసిన దారి. 13వ శతాబ్దంలో ఇంగ్లీషు రాతల్లోకి వచ్చినప్పుడు ఈ మాటకి పసితనం వాసనే లేదు. నౌకరు, అలగావాడు, కొరగానివాడు అన్నవే దాని తొలి అర్థాలు. దాదాపుగా తిట్టు. మగపిల్లాడు అన్న అర్థం నిలదొక్కుకోవడానికి చాలా దశాబ్దాలు పట్టింది. ఆ రోజుల్లో గర్ల్ అంటే ఆడపిల్లే కానక్కరలేదు, ఏ పిల్లనైనా పిల్లాణ్ణయినా అలా అనొచ్చు. మగపిల్లాడని తేల్చి చెప్పాలంటే ‘నేవ్ గర్ల్’ అనేవారు.

బాయ్ ఎక్కణ్ణుంచి వచ్చిందో పండితులు ఇంకా తేల్చుకోలేదు. డచ్చి, ఫ్రీసియన్, జర్మన్ భాషల్లో దగ్గరి పోలికలున్నాయి. ఎరిక్ డాబ్సన్ అనే ఇంగ్లీషు భాషావేత్త 1940లో వేరే దారి చూపించాడు. లాటిన్‌లో బందీల సంకెళ్లకు ఒక మాట ఉంది. అది ఫ్రెంచి మీదుగా వచ్చి, సంకెళ్లు పడ్డవాడు, అంటే బానిస అన్న అర్థంతో బాయ్ అయ్యిందని ఆయన వాదన. వినడానికి ఎంతో బాగుంది. ఇంత బాగా అతికే వ్యుత్పత్తులను నేను సులువుగా నమ్మను. కానీ ఆ మాట తర్వాత చేసిన పనులు చూస్తే డాబ్సన్‌ని కొట్టిపారేయాలనీ అనిపించదు.

షేక్‌స్పియర్ నాటికి రెండు అర్థాలూ ఒకే మాటలో కాపురం చేస్తున్నాయి. ఆయన ‘ఐదో హెన్రీ’ నాటకంలో ముగ్గురు పోకిరీల వెంట తిరిగే పనికుర్రాడికి పేరే లేదు, పాత్రల పట్టికలోనూ వాడు బాయ్. ఇక 1608 ప్రాంతపు ‘కోరియొలేనస్’ నాటకం చివరి రంగం చూడాలి. రోమన్ సేనాని శత్రువుల ఊళ్లో, శత్రువుల మధ్య నిలబడి ఉంటాడు. ప్రత్యర్థి అతణ్ణి ద్రోహి అంటాడు. దానికే అతని రక్తం ఉడుకుతుంది. తర్వాత బాయ్ అంటాడు. ఇక ఆగలేడు. ఆ ఒక్క మాటనే పదే పదే తిరగేస్తూ, ఒకప్పుడు మీ ఊరిని ఒంటిచేత్తో పట్టుకున్నది నేనేనని ఆ ఊరివాళ్ల ముందే జబ్బ చరుస్తాడు. ఆ ఊళ్లో అతనివల్ల కొడుకుల్ని పోగొట్టుకున్నవాళ్లున్నారు. కత్తులు లేస్తాయి. ద్రోహి అన్నది చేసిన పనికి నింద, బాయ్ అన్నది మనిషి అంతస్తుకే ఎసరు. ప్రాణం తీసింది ఆ రెండోదే.

బ్రిటిష్ నౌకాదళంలో బాయ్ అన్నది అధికారిక హోదా. 1916లో జట్‌లండ్ సముద్ర యుద్ధంలో చెస్టర్ అనే నౌక మీద చుట్టూ అందరూ కూలిపోయినా ఫిరంగి దగ్గరే నిలబడి, ఆ గాయాలతోనే చనిపోయి, విక్టోరియా క్రాస్ పొందిన జాక్ కార్న్‌వెల్ హోదా ‘బాయ్, ఫస్ట్ క్లాస్’. అతనికి 16 ఏళ్లు. ఈ మాట చరిత్ర మొత్తంలో పేరుకీ వయసుకీ పొంతన కుదిరిన అరుదైన చోటు అది. 1956లో నౌకాదళం ఆ హోదా పేరు మార్చి జూనియర్ అని పెట్టుకుంది.

వయసుతో నిమిత్తం లేని బాయ్ మాత్రం ఓడలెక్కి మన తీరానికి వచ్చింది. యూల్, బర్నెల్ కలిసి కూర్చగా 1886లో అచ్చయిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో, అంటే ఇండియాలోని ఇంగ్లీషువాళ్లు మాట్లాడుకునే మాటల నిఘంటువులో, బాయ్‌కి చోటు దొరికింది. దక్షిణాదిన దొర తన నౌకర్ని పిలిచే పిలుపు అది అని మొదటి అర్థం ఇచ్చారు. రెండో అర్థమే మనకు కావలసింది. బాయ్ అంటే పల్లకీ మోసేవాడట. ఇది ఇంగ్లీషు మాట కాదు, తెలుగు, మలయాళాల బోయి నుంచి వచ్చిందని ఆ నిఘంటువే చెప్పింది. పెళ్లి పల్లకీకీ, దేవుడి పల్లకీకీ, దొర పల్లకీకీ భుజం కాసిన మన బోయీలే వీళ్లు. 1830లో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరిన ఏనుగుల వీరాస్వామయ్య యాత్ర సాగింది కూడా బోయీల భుజాల మీదే.

ఆ రోజుల మద్రాసు బంగళా వరండాలో నిలబడి దొర ‘బాయ్’ అని కేకేస్తే లోపలి నౌకరూ పలకవచ్చు, బయట పల్లకీ పక్కన కునుకు తీస్తున్న బోయీ లేవవచ్చు. చెవికి ఒకటే మాట. పాత ఉత్తరాల్లో ఎక్కడ ఇంగ్లీషు బాయ్ ఆగి ఎక్కడ తెలుగు బోయి మొదలయ్యిందో విడదీయడం కష్టం. విడదీయాల్సిన అవసరం దొరకీ లేకపోయింది కదా, ఇద్దరూ అతని పనివాళ్లే. కలకత్తాలోనూ ఇలాగే జరిగింది. పల్లకీ మోసేవాడికి అక్కడ బేరర్ అని పేరు. క్రమంగా అదే పేరు దొర బట్టలు చూసుకునే ఇంటి నౌకరుకి దక్కింది. పల్లకీలు పోయాయి గానీ ఆ బేరర్ హోటళ్లలో ఇడ్లీ పళ్లేలు మోస్తూ మొన్నమొన్నటి దాకా ఉన్నాడు.

బాయ్ అన్న పిలుపు మద్రాసుతో ఆగలేదు. చైనా రేవుల్లో, జపాన్ హోటళ్లలో, ఆఫ్రికా బంగళాల్లో పనివాడు బాయ్ అయ్యాడు. ఫ్రెంచివాళ్ల తీరు విచిత్రం. వాళ్లకు గార్సన్ అని సొంత మాటే ఉంది, అదీ కుర్రాడు నుంచి హోటల్ సర్వర్ దాకా వెళ్లిందే. అయినా వలసల్లో నల్లజాతి నౌకరుకి మాత్రం ఇంగ్లీషు బాయ్‌నే అరువు తెచ్చుకున్నారు. కామెరూన్ రచయిత ఫెర్డినాండ్ ఒయోనో 1956లో ఫ్రెంచిలో రాసిన నవల పేరులోనే ఆ బాయ్ ఉన్నాడు. దొర ఇంట్లో పనిచేసే టుండి అనే కుర్రాడి డైరీ అది. అన్నీ చూసే కళ్లు నౌకరువేనన్న సంగతి దొరకి తెలిసేసరికి టుండి బతుకు బుగ్గవుతుంది.

ఈ మాట అందరికన్నా ఎక్కువగా గాయపరిచింది అమెరికా నల్లవాళ్లను. బానిసత్వం 1865లో చట్టప్రకారం పోయింది. పిలుపు పోలేదు. మనవలున్న అరవై ఏళ్ల మనిషిని ఇరవై ఏళ్ల తెల్లకుర్రాడు బాయ్ అనేవాడు. మరీ ముసలివాడైతే అంకుల్ అనేవాడు, మిస్టర్ అనడం మాత్రం కుదిరేది కాదు. ఎంత వయసొచ్చినా పేరు మధ్యలో బాయ్ అంటుకునే ఉంటుందని మార్టిన్ లూథర్ కింగ్ 1963లో బర్మింగ్‌హామ్ జైలు నుంచి రాసిన ఉత్తరంలో వాపోయాడు. 1968 ఫిబ్రవరిలో మెంఫిస్ నగరంలో చెత్తలారీ యంత్రంలో నలిగి ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు చనిపోయారు. దాదాపు 1,300 మంది సమ్మెకి దిగారు. వాళ్లు పట్టుకున్న అట్టల మీద జీతం లెక్కలు లేవు. ‘నేను మనిషిని’ అన్న అర్థంలో నాలుగు ఇంగ్లీషు మాటలు, అంతే. అక్కడ మనిషి అన్నచోట వాళ్లు వాడిన మ్యాన్ అన్న మాట నేరుగా బాయ్‌కి జవాబు.

కోర్టులు ఇంకా ఆలస్యంగా మేలుకున్నాయి. అలబామాలోని ఒక కోళ్ల పరిశ్రమలో ఇద్దరు నల్ల ఉద్యోగులకు ప్రమోషన్ దక్కలేదు. మేనేజరు తమను బాయ్ అనేవాడని వాళ్లు చెప్పారు. పక్కన జాతిపేరు చేర్చకుండా ఉత్త బాయ్ అంటే అది వివక్షకు సాక్ష్యం కాదంది కింది న్యాయస్థానం. కాదు, ఏ గొంతుతో అన్నాడు, ఆ ప్రాంతపు అలవాటేమిటి, ఆ మాట వెనక చరిత్ర ఏమిటి అన్నవీ చూడాలని అమెరికా సుప్రీంకోర్టు 2006లో చెప్పింది. మన ఒరేయ్‌ని తలుచుకుంటే ఈ తీర్పు ఇట్టే బోధపడుతుంది. చిన్ననాటి స్నేహితుడి నోట ఒరేయ్ ప్రాణం, ఆసామి నోట కూలీకి అదే ఒరేయ్ చెప్పుదెబ్బ.

నవ్వొచ్చే సంగతి ఒకటి. బాయ్‌కాట్ అన్న మాట బాయ్ నుంచి పుట్టింది కాదు. అది 1880లో ఐర్లండ్‌లోని మేయో ప్రాంతంలో రైతుల వెలివేతకు గురైన కెప్టెన్ బాయ్‌కాట్ ఇంటిపేరు. కాకపోతే ఆయన్ని ముందు వదిలిపోయింది మాత్రం పొలం కూలీలూ ఇంటి నౌకర్లూనే.

కొడుకు అన్న అర్థానికి దక్కిన వైభవం వేరు. 1945 జులైలో అణుబాంబు ప్రయోగం పండిందన్న కబురు పాట్స్‌డామ్‌లో ఉన్న అమెరికా యుద్ధమంత్రికి చేరింది, చిన్నబ్బాయి అన్నయ్యంత బలంగా ఉన్నాడన్న సంకేతంతో. తర్వాతి నెలలో హిరోషిమా మీద వేసిన బాంబు పేరు లిటిల్ బాయ్. 1952లో హైడ్రోజన్ బాంబు పేలగానే ఎడ్వర్డ్ టెల్లర్ పంపిన తంతి కూడా మగపిల్లాడు పుట్టాడనే. పేలకపోతే ఆడపిల్లట. మన పురిటి గదుల ముందు వినబడే మాటలు ఆ శాస్త్రజ్ఞులకూ కొత్త కావు.

తెలుగులో అబ్బాయి ఉండగా బాయ్‌ని కొడుకు కోసం తెచ్చుకోవలసిన పని మనకు లేకపోయింది. పని కోసమే తెచ్చుకున్నాం. ఆఫీస్ బాయ్, రూమ్ బాయ్, వార్డ్ బాయ్, సినిమావాళ్ల ప్రొడక్షన్ బాయ్. వీళ్లలో కూతుళ్ల పెళ్లిళ్లు చేసినవాళ్లు బోలెడంతమంది. సర్కారు ఆసుపత్రి కాగితాల్లో ఎంఎన్ఓ (మేల్ నర్సింగ్ ఆర్డర్లీ) అని ఉన్నా, రోగి బంధువులకు వార్డ్ బాయే. అతని పక్కన పనిచేసే ఆయా పేరు పోర్చుగీసు నుంచి వచ్చింది. అక్కడది పిల్లల్ని పెంచే పెద్దమనిషి, కాబట్టి ఆమెకు కాస్త మర్యాద మిగిలింది. హైదరాబాదులో ఒత్తు పలికితే భాయ్, పలకకపోతే బాయ్. ఒకటి పక్కన కూర్చోబెట్టే మాట, రెండోది టీ తెమ్మనే మాట.

కంపెనీలు ఇప్పుడు డెలివరీ పార్ట్‌నర్ అంటున్నాయి. పార్ట్‌నర్ అంటే లాభంలో వాటా అనుకునేరు, ఉద్యోగి కాదని చెప్పడానికి అదొక పద్ధతి. జనం నోట డెలివరీ బాయే నిలిచింది. కానీ మద్రాసు దొరకీ మనకీ ఒక తేడా వచ్చింది. దొర బాయ్ అని మొహం మీదే పిలిచేవాడు. మనం ఫోన్‌లో ‘అన్నా, గేటు దగ్గర ఇచ్చెయ్’ అంటాం. ఫోన్ పెట్టేసి ఇంట్లోవాళ్లతో ‘డెలివరీ బాయ్ వచ్చాడు’ అంటాం. ఈ మధ్య ఆడవాళ్లూ బండేసుకుని సరుకులు తెస్తున్నారు. వాళ్లకింకా పేరు కుదరక, ‘డెలివరీ బాయ్ వచ్చింది’ అనేస్తున్నారు.