ఉద్దానం లెక్క

శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి వైపు వెళ్తే ఎటు చూసినా కొబ్బరి, జీడిమామిడి, పనస. ఉద్యానవనం అన్న మాటే నలిగి ఉద్దానం అయిందంటారు. అంత పచ్చని సీమలో, కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో వినబడే క్రియాటినిన్ అనే మాట చదువురానివాళ్ల నోట కూడా నలుగుతోంది.

ఇక్కడి కిడ్నీ జబ్బు ఆనవాళ్లు విశాఖలోనూ కనబడ్డాయి. 2000 తర్వాతి ఏళ్లలో నెఫ్రాలజిస్టు డాక్టర్ టి. రవిరాజు తన దగ్గరికి వచ్చే కిడ్నీ రోగుల్లో చాలామంది ఒకే వైపు నుంచి వస్తున్నారని గమనించారు. చాలామందికి షుగరు లేదు, బీపీ లేదు, కిడ్నీలు మాత్రం చెడిపోయాయి. ఆసుపత్రి పుస్తకంలో ఊరి పేరు రాసే గడిని ఎవరూ పెద్దగా పట్టించుకోరు. ఇక్కడ అసలు సంగతి దొరికింది ఆ గడిలోనే.

అయితే ఆసుపత్రి లెక్కంటే విశాఖ దాకా రాగలిగినవాళ్ల లెక్క. ఛార్జీలకి లేక ఇంట్లోనే కన్నుమూసినవాళ్లు అందులోకి రారు. పైగా కిడ్నీ జబ్బు ముదిరేదాకా నొప్పీ ఉండదు, బాధా ఉండదు. అందుకే ఊళ్లలోకి వెళ్లి లెక్క తీయాల్సి వచ్చింది. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ అనే వైద్య పరిశోధన సంస్థ వాళ్లు రోగుల్ని ఏరుకోలేదు. లాటరీ తీసినట్టు మనుషుల్ని ఎంచుకుని 2,400 మందికి పైగా పరీక్షలు చేశారు. తేడా కనబడితే మూడు నెలలకి మళ్లీ చూశారు. ఒంట్లో నీరు తగ్గినా, నొప్పి మాత్రలు మింగినా క్రియాటినిన్ తాత్కాలికంగా పెరగొచ్చు. మూడు నెలలైనా దిగకపోతేనే దీర్ఘకాలిక జబ్బు. 2020లో అచ్చయిన ఆ లెక్క 21 శాతం అని తేల్చింది. అయిదుగురిలో ఒకరు!

ఎందుకు? నీళ్లలో సిలికా అన్నారు, పురుగుమందులన్నారు, ఎండలో చాకిరీ అన్నారు. శ్రీలంక వరి రైతుల్నీ, మధ్య అమెరికా చెరకు కూలీల్నీ ఇలాంటి జబ్బే పీడిస్తోంది. ఫలానాదే కారణమని అక్కడా తేలలేదు, ఇక్కడా తేలలేదు.

సర్కారు మాత్రం ఊరికే కూర్చోలేదు. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకి 10,000 రూపాయలైంది. హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకాన్ని, పలాసలో 200 పడకల ఆసుపత్రిని, కిడ్నీ పరిశోధన కేంద్రాన్ని 2023 డిసెంబరు 14న ప్రారంభించారు.

పడకలు ముదిరిన జబ్బుకే అక్కరకొస్తాయి. ఉద్దానంలో ఉన్నవాళ్లూ, బతుకుతెరువుకి ఊరు విడిచినవాళ్లూ ఒంట్లో బాగున్నా సరే ఏడాదికోసారి క్రియాటినిన్ చూపించుకోండి. ఆ కాగితం పారేయకండి. వచ్చే ఏడాది డాక్టరు మొదట అడిగేది దాన్నే.