చెరువు లేని చోట బతుకమ్మ

ముంబయి తెలుగు వాడల్లో బతుకమ్మ తెలంగాణ కూలీల వలసతో వచ్చిన పండుగ. ఆ వలస కథ పద్దెనిమిదో శతాబ్దంలో మొదలైంది. అప్పటికి బొంబాయి ఏడు దీవుల గుంపు. సముద్రం పోటెక్కితే నడుమ ఉన్న పల్లమంతా మునిగేది. గవర్నర్ విలియం హార్న్‌బీ హయాంలో వర్లీ వైపు గండికి అడ్డుకట్ట వేసి, 1784 నాటికి పూర్తిచేశారు. నీరు దిగిన ఆ బురద నేలలో 1795 నుంచి తెలుగు కూలీలు కాపురాలు పెట్టారు. మట్టి మోసి, రాయి కొట్టి, గోడలు లేపిన వీళ్లే కామాఠీలు. వాళ్ల వాడ కామాఠిపుర. కామాఠీలు కూలీలుగానే మిగిలిపోలేదు. కాంట్రాక్టర్లుగా ఎదిగిన కొందరు జ్యోతిరావ్ ఫూలే 1873లో స్థాపించిన సంఘసంస్కరణ సంస్థ సత్యశోధక్ సమాజానికి అండగా నిలిచారు. ఈ నగర చరిత్రలో వాళ్లకు దక్కాల్సిన చోటు ఇంకా దక్కలేదు. 1850లలో నూలు మిల్లులు మొదలయ్యాక నేతపని చేసే పద్మశాలీలూ వచ్చి చేరారు.

బతుకమ్మకు చెరువు కావాలి, చేలగట్ల పూలు కావాలి. కామాఠిపురలో రెండూ లేవు. తెలంగాణ ఊళ్లలో ఆడపిల్లలు తెల్లారకముందే వెళ్లి తంగేడు, గునుగు కోసుకొస్తారు. గునుగును రంగునీళ్లలో ముంచి ఆరబెట్టి, తాంబాళంలో గుమ్మడాకులు పరిచి, వరసమీద వరస పేర్చి, పైన పసుపు గౌరమ్మను నిలుపుతారు. నగరంలో ఆ చోటు దాదర్ పూలబజారు బంతి, చామంతులది. నీటిలో వదలడానికి సముద్రమో, నీళ్లు నింపిన తొట్టో. అయినా పేర్చే తీరు, చప్పట్ల వలయం, మలీద, నువ్వుల సద్ది మారలేదు. మహాలయ అమావాస్యనాడు ఎంగిలిపూలతో మొదలై, దుర్గాష్టమినాడు సద్దులతో ముగుస్తుంది. గుజరాతీల గర్బా కూడా ఆ రోజుల్లోనే. వాళ్లూ నడుమ దీపం పెట్టి చుట్టూ తిరుగుతూ చప్పట్లు కొడతారు. పక్కపక్క వీధుల్లో రెండు వలయాలు తిరిగే నగరం ముంబయి.

కూలీలు ఉండేది చాల్‌లో, అంటే ఉమ్మడి వరండా వెంట గదులున్న భవనంలో. అక్కడ కుటుంబానికి ఒక్క గదే. పేర్చడానికి వరండా, ఆడటానికి సందు. అందుకే ఇది ఒక ఇంటి పండుగగా కాక చాల్ మొత్తం పండుగగా నిలిచింది. 1982 మిల్లు కార్మికుల సమ్మె తరువాత మిల్లులు మూతపడుతూ వచ్చాయి. పని పోయిన తెలుగు కుటుంబాలు కొన్ని భివండీ మరమగ్గాల వైపు, కొన్ని సొంతూళ్లకు తరలిపోయాయి. 2014లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మను రాష్ట్ర పండుగగా ప్రకటించాక, ముంబయి తెలుగు సంఘాలు దాన్ని మైదానాల్లో, సభాభవనాల్లో మరింత పెద్దగా జరుపుతున్నాయి.