సర్కారు వకీలు ఎవరి మనిషి?

ఎల్బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల్లో ప్రభుత్వం తరఫున వాదించేవారందరినీ కక్షిదారులు సర్కారు వకీళ్లనే అంటారు. కానీ వారి హోదాలు వేరు. సెషన్స్ కోర్టులో నేరాభియోగాన్ని నడిపేవారు పబ్లిక్ ప్రాసిక్యూటర్ (పీపీ), మేజిస్ట్రేటు కోర్టులో అసిస్టెంట్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ (ఏపీపీ), సివిల్ దావాల్లో గవర్నమెంట్ ప్లీడర్ (జీపీ). ఈ తేడాల వెనుక వందేళ్లకు పైబడిన చరిత్ర ఉంది.

పబ్లిక్ ప్రాసిక్యూటర్ నియామకానికి 1898 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లోనే చోటుంది. అయితే కింది కోర్టుల్లో చాలాచోట్ల పోలీసు అధికారులే కేసులు నడిపేవారు. దర్యాప్తు చేసిన శాఖే వాదన కూడా వినిపిస్తే, సాక్ష్యంలోని లోపాన్ని నిజాయితీగా ఒప్పుకునేదెవరు? ఆ రెండు పనులనూ విడదీయాలని లా కమిషన్ 1958లో తన 14వ నివేదికలో సూచించింది. 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన కొత్త కోడ్ పీపీకి ఏడేళ్లు, స్పెషల్ పీపీకి పదేళ్లు న్యాయవాద వృత్తిలో ఉండాలంది. పోలీసులను ఏపీపీలుగా నియమించడాన్ని నిషేధించి, అరుదైన సందర్భాలకే మినహాయింపునిచ్చింది. 2005 సవరణ డైరెక్టరేట్ ఆఫ్ ప్రాసిక్యూషన్‌కు దారి వేసింది. 2024 జులై 1 నుంచి ఆ కోడ్ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోని 18, 19, 20 సెక్షన్లు వీటికి ఆధారం.

మరి నెలనెలా జీతం తీసుకునేవారు న్యాయవాదులేనా? పూర్తికాలం జీతానికి పనిచేసేవారు వకాలత్ చేయరాదన్నది బార్ కౌన్సిల్ 49వ నిబంధన. హిమాచల్ విద్యుత్ బోర్డు లా ఆఫీసర్ ఎన్‌రోల్‌మెంట్ రద్దును 2001లో సుప్రీంకోర్టు సమర్థించింది. ఆయన ఉద్యోగంలో కోర్టు వాదన ప్రధానం కాదన్నదే కారణం. 2013 జనవరిలో దీపక్ అగర్వాల్ కేసులో అదే కోర్టు, కోర్టులో వాదించడమే పనిగా ఉన్న పీపీలు, ఏపీపీలు న్యాయవాదులుగానే కొనసాగుతారని తేల్చింది. జిల్లా జడ్జి పోస్టుకు ప్రత్యక్షంగా పోటీపడే అర్హత వారికి అలా నిలిచింది.

మరి ప్రాసిక్యూటర్‌ను నియమించేది ఎప్పుడూ రాష్ట్ర ప్రభుత్వమేనా? 2013 ఫిబ్రవరి 21న హైదరాబాద్‌లోని దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్లు జరిగాయి. కేసు జాతీయ దర్యాప్తు సంస్థ (ఎన్‌ఐఏ) చేతికి వెళ్లింది. ఎన్‌ఐఏ చట్టం ప్రకారం ప్రత్యేక కోర్టుల్లో ప్రాసిక్యూటర్లను నియమించేది కేంద్రం. 2016 డిసెంబరులో ఐదుగురికి మరణశిక్ష పడింది, 2025 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని ఖాయం చేసింది. ఊరంతా గాయపడి కోపంతో ఉన్నప్పుడు కూడా ప్రాసిక్యూటర్ సాక్ష్యాన్నే నమ్ముకోవాలి. శిక్ష వేయించి తీరడం కాదు, నిజాన్ని కోర్టు ముందు పెట్టడం ఆయన బాధ్యత. కేసు ఉపసంహరించాలని ప్రభుత్వం కోరినా, సొంతంగా ఆలోచించి నిర్ణయించాల్సింది ప్రాసిక్యూటరే. ఆపై కోర్టు అనుమతీ కావాలి.

తెలంగాణలో 2021లో 151 ఏపీపీ పోస్టులకు ప్రకటన ఇచ్చింది పోలీసు నియామక మండలే. ప్రాసిక్యూషన్‌ను పోలీసు శాఖ నుంచి వేరుచేయాలన్న సంకల్పం ఇన్నేళ్ల నాటిదైనప్పుడు, నియామకం కూడా వేరొక సంస్థ చేతిలో ఉండాలి. నిందితుడికీ బాధితుడికీ సమానంగా భరోసా ఇచ్చేది ఆ దూరమే.