కాఫీ చరిత్రలో హొలెయలెక్కడ?

బాబాబుడన్‌గిరి, చిక్కమగళూరు, కూర్గు అరబికాలకు మన అరకు కాఫీతో పాటే 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది. చరిత్ర అడిగితే బాబా బుడన్ యెమెన్ నుంచి తెచ్చాడనే ఏడు గింజల కథే చెప్తారు. మొక్క నాటిన చేతుల ఊసు ఎవడెత్తాడు?

1834లో కంపెనీ కూర్గును కలుపుకునేనాటికి హొలెయలు అక్కడ భూమికి కట్టేసిన బానిసలు. బానిసల మీద హక్కును కోర్టులు గుర్తించగూడదని 1843 చట్టం చెప్పింది. 1854 నుంచీ తెల్లదొరల తోటలొచ్చాయి. మేస్త్రీలు అడ్వాన్సులిచ్చి మైసూరు పల్లెల నుంచి కూలీల్ని తోలుకొచ్చేవాళ్ళు. వాళ్ళలో హొలెయలు చాలామంది. అడ్వాన్సు తీసుకుని పని మానేసినోడు మేజిస్ట్రేటు చెప్పినా దిగిరాకపోతే, 1859 చట్టం కింద మూడు నెలల దాకా కఠిన శిక్ష. కూలి ఎగ్గొట్టిన దొరకి ఆ చట్టంలో జైలు లేదు! దాన్ని రద్దు చేస్తూ చట్టం రావడానికి 1925 దాకా పట్టింది.