పటాప్‌స్కో నది మీద నాలుగు నిమిషాలు

2024 మార్చి 26, రాత్రి 1:25. అమెరికాలోని బాల్టిమోర్ రేవు నుంచి కొలంబోకు బయల్దేరిన 'డాలి' ఓడలో దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి. 300 మీటర్ల ఓడ అది. నాలుగు వేలకు పైగా కంటైనర్లు, 21 మంది సిబ్బంది. వాళ్లలో 20 మంది మనవాళ్లే, భారతీయులు. ఎదురుగా కిలోమీటరు దూరంలో పటాప్‌స్కో నది మీది ఫ్రాన్సిస్ స్కాట్ కీ వంతెన.

కరెంటు వచ్చింది, మళ్లీ పోయింది. ఓడ పక్కకు మళ్లుతోంది. లంగరు దించమన్నాడు ఓడను రేవు దాటించే పైలట్. టగ్ బోట్లను పిలిచాడు. వంతెన మూసేయమని కబురు పెట్టించాడు. అంత బరువు, ఆపితే ఆగేదా!

పోలీసులు చురుగ్గా కదిలి రెండు వైపులా వాహనాలు ఆపేశారు. ఎంతమంది ప్రాణాలు దక్కాయో! కానీ వంతెన మీద రోడ్డు గుంతలు పూడ్చేవాళ్లు ఏడుగురు, ఇన్‌స్పెక్టర్ ఒకరు ఉన్నారు. పనివాళ్లను కూడా దించాలన్న మాట పోలీసు రేడియోలో నడిచింది. ఆ కబురు వాళ్లకు చేరనేలేదు. 1:29కి ఓడ వంతెన స్తంభాన్ని గుద్దింది, వంతెన కూలిపోయింది. ఇద్దరు బతికారు. పొట్ట చేతబట్టుకుని మెక్సికో, గ్వాటెమాలా, హోండురాస్, ఎల్ సాల్వడార్‌ల నుంచి వచ్చిన ఆరుగురు నీళ్లపాలయ్యారు. పోలీసుల నుంచి వాళ్లకు నేరుగా ఫోను కలిసే ఏర్పాటు ఉంటే బండ్లెక్కి బయటపడేవారేమో.

ఓడలో ఒక తీగకు తగిలించిన లేబుల్ సరైన చోట లేక, ఆ తీగ బిగుసుకోలేదు. కరెంటు పోవడానికి మూలం అదేనని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి తేల్చింది. తప్పు ఓడదే. మరి వంతెన?

1977లో తెరిచిన ఈ వంతెనను 1980లోనే 'బ్లూ నాగోయా' అనే ఓడ ఢీకొట్టింది. డాలితో పోలిస్తే అది పదో వంతు, వంతెన తట్టుకుంది. అదే ఏడాది ఫ్లోరిడాలోని టాంపా దగ్గర సన్‌షైన్ స్కైవే వంతెనను ఓడ కూల్చేస్తే 35 మంది పోయారు. ఆ తర్వాతే, 1991లో, ఓడ గుద్దితే వంతెన నిలుస్తుందా లేదా అని లెక్కగట్టే పద్ధతి వచ్చింది. బాల్టిమోర్ ఉన్న మేరీల్యాండ్ రాష్ట్ర అధికారులు ఈ వంతెనకు ఆ లెక్క వేయనే లేదు. కూలిన తర్వాత మండలి వేసి చూస్తే, ప్రమాదావకాశం అనుమతించదగిన హద్దుకు దాదాపు 30 రెట్లు ఉంది.

లెక్క తేలని పాత వంతెనలు 19 రాష్ట్రాల్లో ఇంకా 68 ఉన్నాయని 2025 మార్చిలో ఆ మండలే ప్రకటించింది.